రిజర్వాయరు కోతులు, టీచరమ్మ గారెలు

నేనేం ఉద్యోగం చేశానో మా ఆవిడ తరఫు చుట్టాలకు చివరిదాకా అర్థం కాలేదు. సింగపూర్‌లో పనంటే కంప్యూటరో, కాకపోతే షిప్‌యార్డో అని వాళ్ల లెక్క. "మా అల్లుడు అడవిలో తిరుగుతాడు" అని మా అత్తగారు చెబితే, "అక్కడ అడవెక్కడుందమ్మా, అంతా మేడలేగా" అని నవ్వేవారట. అడవి ఉంది. అందులో నేను రిటైరయ్యేదాకా తిరిగాను, జీతం కూడా ఇచ్చారు.

నేను పుట్టింది మలేషియాలో, జొహోర్ దగ్గర ఒక రబ్బరు తోటలో. మా తాత తెల్లవాళ్ల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట మాట్లాడితే మా నాన్న ఊరుకునేవాడు కాదు. అయినా నా తెలుగులోకి మలాయీ, అరవం ఎలాగో దూరిపోయాయి. బొబ్బిలి నుంచి వచ్చిన మా ఆవిడ పెళ్లైన కొత్తలో దిద్దడం మొదలుపెట్టింది, ఇంకా దిద్దుతూనే ఉంది. ఇది కూడా ఆమె చేతికింద నుంచే మీ దగ్గరకు వస్తోంది కాబట్టి భాష బాగుంటే ఆమెను మెచ్చుకోండి.

ఈ మధ్య మన పిల్లలు కొందరు యూనివర్సిటీలో పక్షులూ జంతువుల చదువులు చదువుతూ నా దగ్గరకు వస్తున్నారు. "అంకుల్, ఈ లైన్ ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. బాబూ, అమ్మా, ఒక్క సంగతి చెబుతాను వినండి. ఈ పనిలో జంతువులతో మనకు పడే పాట్లు చాలా తక్కువ. మనుషులతోనే తల ప్రాణం తోకకొస్తుంది. నమ్మకపోతే ఆ వడమాలల ఏడాది గురించి చెబుతాను.

నేను అప్పట్లో ద్వీపానికి ఉత్తరాన ఉన్న ఒక రిజర్వాయరు దగ్గర పనిచేసేవాణ్ణి. మూడు వైపులా అడవి, నాలుగో వైపు గట్టు. గట్టు దిగితే పాతకాలపు నాలుగంతస్తుల ఫ్లాట్లు కొన్ని, ఒక కాఫీషాపు, ఒక బస్‌స్టాపు. ఊరని అనలేం గానీ, అక్కడ ఎవరింట్లో ఏం కూరో అందరికీ తెలిసేది. నీళ్లలో పెద్ద పెద్ద ఉడుములు ఈదుతుంటే కొత్తగా దిగినవాళ్లు మొసళ్లనుకుని ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్లు. ఎండుకొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చుని చేప కోసం కాచుకునేది. బూడిదరంగు కొంగలు గట్టు పొడవునా, పెన్షన్ రోజు బ్యాంకు ముందు పెద్దవాళ్లలా, దూరం దూరంగా నిలబడేవి. పొద్దున పూట ఆ నీళ్ల మీద పొగమంచు లేస్తుంటే చూడ్డానికి ఇప్పటికీ అప్పుడప్పుడూ బస్సెక్కి వెళ్తుంటాను.

నాతోపాటు గట్టు మీద తిరిగేవాడు ఒక మలాయీ ఆయన. నాకంటే పెద్దవాడు, అందరం అబాంగ్ అనేవాళ్లం, అంటే అన్నగారు. తెగిన గాలపు తాళ్లు ఏరడం, అడవిలో ఎవరైనా ఉచ్చులు పెడితే తీసేయడం, జనం తెచ్చి వదిలేసిన పెంపుడు తాబేళ్లను పట్టుకోవడం మా రోజువారీ పని. మా పై ఆఫీసరు ఒక చైనీస్ ఆవిడ, మేం మేడం అనేవాళ్లం. నవ్వినట్టు నేనెప్పుడూ చూడలేదు. కానీ వర్షంలో తడిసొస్తే వేడి కాఫీ తెప్పించి, తాగేదాకా ఒక్క పనీ చెప్పేది కాదు.

ఇక కోతులు. పొడుగుతోక కోతుల మంద ఒకటి అడవి అంచున ఉండేది. మేడిపళ్లూ చిగుళ్లూ తింటూ, మమ్మల్ని చూసినా చూడనట్టు వాటి మానాన అవి తిరిగేవి. వాటిలో ఒక ముదురు ఆడకోతికి అబాంగ్ మక్చిక్ అని పేరు పెట్టాడు. మలాయీలో పిన్నిగారు అని అర్థం. మందలో ఎవరు కొట్టుకున్నా ఆ పిన్నిగారు మధ్యలో దూరి ఇద్దరికీ చెరొకటి అంటించేది. ఆమెకు అప్పుడే ఒక పిల్ల. ఆ ఇద్దరూ కనిపించని రోజు మాకు రోజు గడిచినట్టే ఉండేది కాదు.

అవి కంప్యూటర్ల గాలి వీచిన రోజులు. ఆ ఫ్లాట్లు ఊరికి దూరం, అద్దె తక్కువ. ముందు మన కుర్రాళ్లు నలుగురేసి కలిసి దిగారు, తర్వాత పెళ్లాలొచ్చారు, ఆ తర్వాత పురుళ్లకు తల్లులొచ్చారు. పొద్దున్నే జురాంగ్ ఈస్ట్‌కూ టోవా పాయోకూ ఆఫీసులకు పరిగెత్తే టై కట్టుకున్న కుర్రాళ్లతో బస్‌స్టాపు నిండిపోయేది. మెట్ల మీద ఎక్కడ చూసినా తెలుగే. "నీ కంపోంగ్ మొత్తం వచ్చేసిందా ఏంటి?" అని అబాంగ్ నన్ను ఆటపట్టించేవాడు, కంపోంగ్ అంటే పల్లె. నాకు మాత్రం పండగలా ఉండేది. మా తోటలో అంతా ఒకే యాస. ఇక్కడ గుంటూరు, కడప, వరంగల్ అన్నీ ఒకే తీగ మీద బట్టలారేసుకునేవి.

అలా వచ్చిన తల్లుల్లో ఒక టీచరమ్మ. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కూతురి పురిటికి వచ్చారు. అల్లుడిది కాంట్రాక్టు ఉద్యోగం. అది పొడిగిస్తారో లేదో తెలియదు, పొడిగించకపోతే చంటిపిల్లతో సహా అంతా దేశం వదిలి వెళ్లాలి. ఆ దిగులుతో ఆవిడ ఆంజనేయస్వామికి మొక్కుకున్నారు, మండలం లెక్కన నలభై ఒక్క శనివారాలు వడమాల వేస్తానని. గుడికి వెళ్దామంటే బస్సు దిగి ట్రైను, ట్రైను దిగి ఇంకో బస్సు. బాలింత కూతుర్ని వదిలి వెళ్లలేక, మొదటి శనివారం వంటింట్లో పటానికే మాల వేసి, ఆ గారెల ప్రసాదం బాల్కనీలోకి తెచ్చి పెట్టుకున్నారు. గోడ మీదికి ఒక కోతి వచ్చి కూర్చుంది. ఆవిడ చెయ్యి చాపారు. అది ఒక్కొక్క గారే తీసుకుని తినేసింది. ఆ వారంలోనే అల్లుడికి కొన్ని నెలలు పొడిగింపు వచ్చింది.

ఇంకేముంది! మాట ఆ ఫ్లాట్లంతా పాకిపోయింది. అప్పటికే దేశదేశాల్లో కంపెనీలు మూతపడుతున్నాయని వార్తలు. ఒకరికి వీసా బెంగ, ఒకరికి ప్రాజెక్టు బెంగ, ఒకరికి పిల్లాడి స్కూలు సీటు. శనివారం వచ్చిందంటే ప్రతి బాల్కనీ నుంచి మిరియాల గారెల వాసన, ప్రతి తల్లి చేతిలో ఒక మాల. "యువర్ పీపుల్, ఎవ్రీ సాటర్‌డే మంకీ బర్త్‌డే ఆ?" అని అబాంగ్ అడిగాడు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. మేడిపళ్లు రాలి కుళ్లిపోతున్నాయి, తినే దిక్కు లేదు. మంద మొత్తం ఫ్లాట్ల గోడ ఎక్కి కూర్చుంది.

కోతికి శనివారమేదో ఆదివారమేదో తెలీదు కదా. మిగతా రోజుల్లో గారెలు రాకపోతే అవే వెతుక్కోవడం మొదలుపెట్టాయి. కిటికీలోంచి దూరి కుక్కర్ మూత తీసేవి. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే లాక్కునేవి. ఒకరోజు కింది అంతస్తులో ఉండే చైనీస్ తాత చికెన్ రైస్ పట్టుకుని వస్తుంటే ఒక మగకోతి మీదపడింది. ఆయన పడిపోయి మణికట్టు వాచింది. ఆఫీసుకు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు.

మేడం నన్ను పిలిచింది. "వాళ్ల భాష వచ్చినవాడివి నువ్వొక్కడివే. వెళ్లి మాట్లాడు. ఆగకపోతే బోన్లు పెట్టించక తప్పదు" అంది.

బోన్లంటే ఏమిటో మీకు చెప్పాలి. మనది చిన్న ద్వీపం. ఇక్కడ పట్టిన మందను తీసుకెళ్లి ఇంకోచోట వదిలితే అక్కడి మంద వాటిని బతకనివ్వదు, లేదా అవి ఇంకెవరి కిటికీలోనో దూరుతాయి. అందుకని ఆ రోజుల్లో బోనులో పడ్డ కోతి మళ్లీ అడవి చూసేది కాదు.

ఆదివారం సాయంత్రం ఫ్లాట్ల కింద ఖాళీ స్థలంలో అందర్నీ కూడేశాను. యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లాను. "అమ్మగార్లూ, కోతికి సాపాటు పెట్టకండి. పెడితే అది పసార్‌కి వచ్చినట్టు రోజూ వస్తాది, మీకు ఫైనూ పడతాది" అని మొదలుపెట్టాను. పసార్ అంటే మాకు సంత. అది ఎవరికీ తెలియదు, వెనకాల అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

కళ్లద్దాల కుర్రాడొకడు లేచాడు. "అంకుల్, మీ ఫారెస్ట్‌లో ఫుడ్ తగ్గింది, అది రూట్ కాజ్. ముందు అది ఫిక్స్ చేయండి. మా సెంటిమెంట్ ఎందుకు టచ్ చేస్తారు?"

టీచరమ్మ ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "నాయనా, నువ్వు చెప్పేది ఫైను గురించా, పాపం గురించా? ఫైను అయితే కట్టేస్తాను. పాపమైతే నాకు నువ్వు చెప్పేదేమీ లేదు" అన్నారు. తర్వాత కాస్త మెత్తబడి, "నీ తెలుగు ఏ జిల్లాదయ్యా?" అని అడిగారు.

"రబ్బరు జిల్లాదమ్మా" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఎవరో టీ తెచ్చారు, ఎవరో జంతికలు పెట్టారు. బోనులో పడితే చంపేస్తారని చెబితే ఒక్కరూ నమ్మలేదు. మన ఊళ్లలో మునిసిపాలిటీ వాళ్లు కోతుల్ని వ్యానెక్కించి అడవిలో వదిలేస్తారు కదా, ఇక్కడా అంతే అనుకున్నారు. "ఇంత శుభ్రమైన దేశంలో అలాంటి పని చేస్తారా, ఊరికే బెదిరిస్తున్నాడు" అని ఒకావిడ అంటుంటే నా చెవిన పడింది. జంతికలు మాత్రం చాలా బాగున్నాయి.

మరుసటి శనివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే తలుపు దగ్గరే మిరియాల వాసన తగిలింది. పొయ్యి పక్కన పళ్లెం నిండా గారెలు, మా ఆవిడ చేతిలో దారం.

"ఇదేంటి?" అన్నాను.

"ఏటలా చూస్తన్నారు? మన పిల్లోడి పరీక్షలున్నాయి కదేటి" అంది. "మీ మీటింగులో జంతికలు పెట్టినావిడ నా ఫ్రెండేనండి. బస్సుకి ఎల్లి ఇచ్చేసి వచ్చేస్తాను."

డిపార్ట్‌మెంటు మనిషి ఇంట్లోంచే వడమాల బయల్దేరుతుంటే ఇంక ఊరినేం మార్చను! ఆ పూట గారెలన్నీ నేనే తినేశాను. రెండు రోజులు కడుపు పట్టేసింది.

చివరికి బోన్లు వచ్చాయి. పెట్టే కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మనిషి కూడా మనవాడే, కరీంనగర్ వైపు నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు. నెమ్మదస్తుడు, ఏ పని చెప్పినా కిక్కురుమనకుండా చేసేవాడు. రెండు వారాలు బోన్లలో అరటిపళ్లు మగ్గి నల్లబడ్డాయి గానీ ఒక్క కోతీ దూరలేదు. అబాంగ్, నేనూ లోపల్లోపల సంతోషించాం.

ఆ తర్వాతి శనివారం పొద్దున గట్టు మీద ఉండగా ఫ్లాట్ల వెనక నుంచి ఒక కేక వినిపించింది. కోతుల కేకలు మాకు అలవాటే. ఇది అలాంటిది కాదు. అబాంగ్, నేనూ పరిగెత్తాం.

బోను తలుపు పడిపోయి ఉంది. లోపల మక్చిక్. పిల్ల బయటే ఉండిపోయింది. బోను పైకెక్కి, కమ్మీల్లోంచి చెయ్యి దూర్చి తల్లిని పట్టుకుని అరుస్తోంది. తల్లి ఒక చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుంది, రెండో చేతిలో గారె. అంత గోలలోనూ ఆ గారెను వదల్లేదు.

కరీంనగర్ మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. "అరటిపండ్లకు వస్తలెవ్వు సార్. పొద్దుగాల అమ్మ నాకు ప్రసాదం ఇచ్చింది. అండ్లకెల్లి ఒకటి పెట్టిన. గిట్ల పిల్లతల్లి వడుతదని నాకేమెరుక" అన్నాడు. వాడి చేతిలో ఇంకా ఆకులో చుట్టిన రెండు గారెలున్నాయి.

అరుపులకు బాల్కనీలన్నీ నిండిపోయాయి. టీచరమ్మ కిందికి దిగి వచ్చారు, భుజం మీద మనవరాలి తుండుగుడ్డ అలాగే ఉంది. బోను దగ్గరకు వచ్చి వంగి చూశారు. కోతి చేతిలోది చూశారు, కరీంనగర్ మనిషి చేతిలోది చూశారు.

"అది నా గారె" అన్నారు.

తర్వాత కోతి వైపు చెయ్యి చూపించారు.

"దీన్ని ఎక్కడికి తీసుకెళ్తారు?"

కరీంనగర్ మనిషి నా వైపు చూశాడు. మీటింగులో గుంపుకు చెప్పడం వేరు, ఆ తల్లీపిల్లల ముందు ఒక్క మనిషికి చెప్పడం వేరు. "ఎక్కడికీ తీసుకెళ్లరమ్మా" అన్నాను. ఆవిడకు అర్థమైంది. రాత్రి వానకు తడిసిన గడ్డి మీద, చీర నానిపోతున్నా చూసుకోకుండా, బోనుకు ఆనుకుని కూర్చుండిపోయారు.

"అమ్మా, లేవండి" అన్నాను.

"తెరువు, లేస్తాను."

తెరిచే అధికారం నాకు లేదు. తలుపు పడిన బోను తెరవాలంటే మేడం మాట ఉండాలి. ఫోన్ చేశాను. మేడం వచ్చేదాకా ఆవిడ అలాగే కూర్చున్నారు, పిల్లకోతి అలాగే అరుస్తూ ఉంది. మన కుర్రాళ్లందరూ కిందికి దిగి చుట్టూ నిలబడ్డారు. రూట్ కాజ్ కుర్రాడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. అబాంగ్ నా భుజం మీద చెయ్యి వేసి తీయలేదు.

మేడం కారు దిగి నేరుగా వచ్చింది. "ఆంటీ, యూ కెనాట్ సిట్ హియర్ లా" అంది, ఇక్కడి ఇంగ్లీషుకు ఆ "లా" తోక తప్పదు.

టీచరమ్మ లేవలేదు గానీ కొంగు సర్దుకున్నారు. "మేడం, ఐ యామ్ ది కల్‌ప్రిట్" అన్నారు. స్కూలు ఇన్‌స్పెక్టరుతో మాట్లాడే ఇంగ్లీషు అది, ఒక్కో మాటా విడివిడిగా. "దిస్ యానిమల్ డిడ్ నథింగ్. ఐ టాట్ హర్ ది రాంగ్ లెసన్. పనిష్ ది టీచర్, మేడం."

మేడం బోను చుట్టూ ఒకసారి తిరిగింది. బోను పైనున్న పిల్లను చూసింది. "నెక్స్ట్ సాటర్‌డే?" అని అడిగింది.

"నో వడ."

"అదర్ పీపుల్?"

టీచరమ్మ తల తిప్పి బాల్కనీల వైపు చూశారు. "విన్నారా అందరూ? రేపటి నుంచి ఏ ఇంట్లోనూ శనివారం మూకుడు పొయ్యెక్కడానికి వీల్లేదు. వాసన బయటికి రాకూడదు. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి!"

తరగతిలో చివరి బెంచీకి వినిపించే గొంతు. నాలుగంతస్తుల్లోనూ చీమ చిటుక్కుమనలేదు. మేడంకు తెలుగు రాదు గానీ ఆ నిశ్శబ్దం అర్థమైనట్టుంది. "ఒన్ మంత్" అని నాతో అంది. "ఈ నెలలో ఒక్క కంప్లైంట్ వచ్చినా మళ్లీ నన్ను అడగొద్దు." తర్వాత కరీంనగర్ మనిషి వైపు తిరిగి, "ఓపెన్ లా" అంది.

వాడు తలుపెత్తాడు. మక్చిక్ పిల్లను పొట్టకు కరుచుకుని ఒక్క దూకులో గోడ దాటింది. గారె గడ్డిలో పడిపోయింది. టీచరమ్మ దాన్ని తీసి కొంగున కట్టుకున్నారు. కరీంనగర్ మనిషి గోడవైపు తిరిగి నిలబడ్డాడు, వాడి భుజాలు కదులుతున్నాయి.

ఇక్కడితో అయిపోయిందనుకునేరు. అసలు కష్టం ఆ నెలలోనే. అలవాటైన తిండి ఆగిపోతే కోతులు ఊరుకుంటాయా! గోడ మీద కూర్చుని బాల్కనీల వైపు చూసేవి, పళ్లికిలించేవి, కిటికీలు బాదేవి. ఒక్కొక్క తల్లీ నా దగ్గరకొచ్చి "ఒక్క పండు బాబూ, ఒక్కటే, పిల్లతల్లి కదా" అని బతిమాలేది. మా ఆవిడ కూడా అడిగింది. టీచరమ్మ మాత్రం రోజూ పొద్దున్నే గట్టు మీద బెంచీ దగ్గరకు కాపలాకు వచ్చేవారు. చైనీస్ తాత ఒకరోజు గుట్టుగా చేపలకు రొట్టె వేయబోతే "అంకుల్! నో!" అని అరిచారు. ఆయన తన భాషలో ఏదో తిట్టి, రొట్టె తనే తినేసి, ఆవిడ పక్కనే కూర్చున్నాడు. తర్వాత నుంచి ఇద్దరూ కలిసి కాపలా. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పొద్దస్తమానం మాట్లాడుకునేవాళ్లు.

ఒకరోజు ఆవిడే చెప్పారు. "మండలం నిండలేదు నాయనా. మొక్కు మధ్యలో వదిలేశాను. అల్లుడి కాంట్రాక్టు మళ్లీ దగ్గరకొస్తోంది. భయమేస్తోంది." నేను ఫ్లాస్కులోంచి టీ ఒంపి ఆవిడ చేతికిచ్చాను.

నెల గడిచింది, కంప్లైంట్ రాలేదు. మంద కొద్దికొద్దిగా వెనక్కి జరిగి అడవి అంచుకు చేరింది. బోన్లు ఎత్తేశారు. మేడం నన్ను పిలిచి కాఫీ తెప్పించింది. ఆ రోజు వాన కూడా లేదు.

టీచరమ్మ అల్లుడి కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. ఒక్కడికే కాదు, ఆ కంపెనీలో చాలామందికి అదే గతి పట్టింది. అయినా మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి, మొక్కు ఆపినందుకే అని. మా ఆవిడ ఆ మాట నాకు చేరవేసిన రోజు అన్నం సహించలేదు. వాళ్ల సామాను కట్టే వారమంతా నేను ఆ ఫ్లాట్ల వైపు వెళ్లడానికి మొహం చెల్లక గట్టు అవతలి చివరనే తిరిగాను.

ప్రయాణం రోజు పొద్దున ఆవిడే వెతుక్కుంటూ వచ్చారు, భుజాన నిద్రపోతున్న మనవరాలితో. నేను ఎప్పట్నుంచో కూడగట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా చెప్పబోయాను. "అమ్మా, అల్లుడిగారి ఉద్యోగం..."

"ఉద్యోగానికేముందయ్యా, ఇంకోటి దొరుకుతుంది. నేను పెట్టిన గారెకు ఆ తల్లి పోయుంటే, దాన్నెక్కణ్ణుంచి తెచ్చేదాన్ని?" అన్నారు. "ఒక్కసారి దాన్ని చూసి పోదామని వచ్చాను."

ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. కాసేపటికి మంద అడవిలోంచి బయటికొచ్చి, అవతలి మేడిచెట్ల వైపు గట్టు దాటడం మొదలుపెట్టింది. చివరలో మక్చిక్, వెనకాల పిల్ల. ఇప్పుడది తన కాళ్ల మీద తనే నడుస్తోంది. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా మా ముందు నుంచే వెళ్లాయి. ఆవిడ ఖాళీ చెయ్యి చీరకు అదిమి పెట్టుకున్నారు.

మక్చిక్ ఆగలేదు. ఆవిడ చేతివైపు చూడలేదు, మొహంవైపూ చూడలేదు. పిల్ల కూడా చూడలేదు. రెండూ దిగువకు దిగి చెట్టెక్కేశాయి.

"నన్ను మర్చిపోయిందయ్యా!" అన్నారు టీచరమ్మ. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, మొహమంతా నవ్వు. మనవరాలు లేచి ఆవిడ మొహం వంక వింతగా చూస్తోంది.

నేను టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాను.

"మర్చిపోయిందమ్మా" అన్నాను.